నాలుగు తీగల దానియేలన్న

మా స్కూలు ప్రహరీ గోడకు అవతల రైలు పట్టాలు. ఎక్స్‌ప్రెస్ బళ్ళు కేకలు పెట్టుకుంటూ పోతాయి, వాటిని నేను పట్టించుకోను. బొగ్గు వ్యాగన్ల గూడ్సు బండి వచ్చినప్పుడు మాత్రం పాఠం మధ్యలోనైనా ఆగిపోతాను. దాని చప్పుడు చెవికి చేరకముందే కిటికీ ఊచల్లోకి వస్తుంది, తర్వాత టేబుల్ మీది స్టీలు గ్లాసులోకి, ఆ తర్వాత గోడలోకి. నేను అరచెయ్యి గోడకు ఆనించి నిలబడతాను. నిన్న కూడా అలాగే నిలబడితే వెనక బెంచీలో ఒక పిల్ల పక్కదాని చెవిలో, "మేడం మళ్ళ గోడతోని ముచ్చట వెట్టింది" అన్నది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మహబూబాబాద్‌లోని ఈ గురుకుల పాఠశాలకు సంగీతం టీచరుగా వచ్చి ఏడేళ్ళయింది. సరిగమలు దిద్దుకోవడానికి ముందు చేత్తో వినడం నేర్చుకున్న మనిషిని నేను. నాకది నేర్పినవాడు దానియేలన్న.

దానియేలన్న అంటే మీకు తెలియకపోవచ్చు. ఆయన వాయించిన బ్యాండ్ పేరు చెబితే మాత్రం నలభై దాటినవాళ్ళలో చాలామందికి తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో పుట్టి దేశమంతా తిరిగిన రాక్ బ్యాండ్. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన కూడా చెప్పేవాడు కాదు, ఆ పంతం నాకు ఆయన దగ్గరే అబ్బింది. అందులో ఆయన బేస్ గిటార్ వాయించేవాడు. నాలుగు లావు తీగలుండే గిటారు అది. పాటకు అడుగున, అందరికంటే కింది స్వరంలో నడుస్తుంది. బ్యాండ్‌కు పేరు బాగా వచ్చి, పోస్టర్లు గోడలకెక్కుతున్న రోజుల్లోనే ఆయన దాన్ని వదిలేసి సొంత ఊరు జనగామ వచ్చేశాడు. స్టేషన్ దగ్గర రెండు గదుల ఇంట్లో హార్మోనియాలు, మైకు సెట్లు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఆదివారం చర్చిలో వాయించేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఊరి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు వెనక నిలబడేవాడు. అంత పెద్ద బ్యాండ్‌లో ఉన్నవాడికి ఇదేం బతుకు అని జనగామలో ఆయన మీద జాలి పడనివాళ్ళు లేరు. మొదట్లో నేనూ పడ్డాను. నా తెలివి అంతే ఉండేది.

తెలంగాణ ఉద్యమం ఊళ్ళను నిద్రపోనివ్వని రోజులవి. నేను నెల్లికుదురు పక్క తండా పిల్లను. ఇంట్లో మాది లంబాడీ భాష, గడప దాటితే తెలుగు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేదు, గొంతు మాత్రం ఉంది. ఆ గొంతును పట్టుకుని జనగామ నుంచి తిరిగే ఒక కళాబృందంలో చేరాను. దానికి పెద్ద యాదన్న, లింగాల ఘనపూర్ రైతు. పాట కడతాడు, పాడతాడు, అవసరం లేకపోయినా పోట్లాడతాడు. ఒకరోజు మా హార్మోనియం తిత్తి చిరిగిపోతే ఇద్దరం దాన్ని మోసుకుని దానియేలన్న ఇంటికి వెళ్ళాం.

ఆయన పెట్టె విప్పి, తిత్తిలో వేలు పెట్టి చూసి, "ఇది దానంతల అది చినగలే. మీరే జోరుగ ఊది సంపిండ్రు. ఎందుకు గంత జోరు?" అన్నాడు.

"మా సరోజ గొంతుకు సరిపోవాలె గదన్నా," అని యాదన్న గర్వంగా నన్ను చూపించాడు. "మైకు లేకున్నా రెండూళ్ళకు ఇనవడ్తది."

దానియేలన్న కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. "రెండూళ్ళు తర్వాత గని చెల్లె, ఒక్క ఊరికన్న మంచిగ ఇనవడ్తున్నదా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సభల్లో జనం నా పేరు పెట్టి పాట అడుగుతున్నారు, ఈ పెట్టెలు బాగుచేసేవాడికేం తెలుసు అనుకున్నాను. ఆయన భార్య మేరీ వదిన చాయ్ ఇస్తే అది కూడా సగం తాగి పెట్టేశాను. యాదన్నకు మాత్రం ఆయన నచ్చాడు. పోట్లాడేవాళ్ళకు ఎదురు మాట్లాడేవాళ్ళు నచ్చుతారేమో. "మాతోని రారాదన్నా," అని అక్కడికక్కడే పిలిచాడు. దానియేలన్న తిత్తికి కొలత తీసుకోవడం మొదలుపెట్టాడు. మరుసటి వారం మేము పాట సాధన చేసే చోటికి దుప్పట్లో చుట్టిన గిటారుతో, భుజాన ఒక స్పీకరు బాక్సుతో వచ్చి నిలబడ్డాడు.

దుప్పటి విప్పగానే మా డప్పు మల్లేశ్, "నాలుగే ఉన్నయేందన్నా? కడమ తీగలు తెగినయా?" అని అడిగాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆ రోజంతా వాయించాక మల్లేశ్ మళ్ళీ, "ఏమనుకోకే, నీ గిటారు ఇనవడ్తలేదు," అన్నాడు. "చెప్పులిడిచి నిలవడు, ఇనవడ్తది," అన్నాడు దానియేలన్న. మల్లేశ్ వేళాకోళంగా చెప్పులు విడిచాడు. కాసేపటికి తల దించుకుని కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఏ సభలోనూ వాడు చెప్పులతో డప్పు కొట్టగా నేను చూడలేదు.

బ్యాండ్ ఎందుకు వదిలేశావని ఆయన్ను అడగనివాళ్ళు లేరు. అడిగిన ప్రతివాడికీ ఒక కొత్త జవాబు దొరికేది. యాదన్నకు, "ఆడ చాయ్ మంచిగ లేకుండె" అని. మల్లేశ్‌కు, "జుట్టు పెంచుమన్నరు, నాకు పేన్లంటె భయం" అని. నేనడిగితే, "నీకు తర్వాత జెప్త" అన్నాడు. నాకే సరైన జవాబు దొరకలేదని అలిగాను.

మా బృందం పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. చల్లగాలికి, తేమకు డప్పు మూత మెత్తబడి మోత తగ్గిపోతుంది. అందుకని వేదిక పక్కన గడ్డి మంట వేసి, రెండు మూడు పాటలకొకసారి డప్పులు కాచి తెచ్చేవాళ్ళు. కాగిన డప్పు ఖంగున మోగుతుంది. ఆ మోతకు మాకు ఒళ్ళు తెలిసేది కాదు. డప్పు కాగి వచ్చిన ప్రతిసారీ పాటను ఒక మెట్టు పైన అందుకునేవాళ్ళం. ఎవరూ ఎక్కమనలేదు, ఎవరూ దిగమనలేదు. సభ ముగిసేసరికి మొదలుపెట్టిన చోటికి మూడు నాలుగు మెట్లు పైన ఉండేవాళ్ళం. అక్కడ మగ గొంతులు ఒక్కొక్కటే చేతులెత్తేసేవి. చివరి మెట్టు మీద మిగిలేది నేనొక్కదాన్నే. నా పేరంతా ఆ మెట్టు మీదే వచ్చింది, అందుకే దిగాలన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు.

గార్లలో సభ జరిగిన రోజు కొడుకును పోగొట్టుకున్న తల్లి పాట పాడుతున్నాను. రెండో చరణంలో, పై మెట్టు మీద, నా గొంతు ఉన్నట్టుండి చీలిపోయింది. రెండు మాటలు ఉత్త గాలిగా వచ్చాయి. పరువు పోయిందనుకున్నాను. కానీ జనం ఏడ్చారు. నేను దుఃఖం ఆపుకోలేక ఆగిపోయాననుకున్నారు. పాట అయ్యాక ఒక ముసలామె వేదిక ఎక్కి నన్ను పట్టుకుని, "బిడ్డా, కడుపుల పేగులు కదిలిచ్చినవ్ పో," అని నా నెత్తి నిమిరింది. యాదన్న తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటూ, "సరోజా, గా జీర ఉన్నది జూడు, గది ప్రతి సభల వెట్టు. గాడనే వెట్టు," అన్నాడు.

అది నేను పెట్టింది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చప్పట్లు అంత కమ్మగా ఉన్నాయి. అక్కడి నుంచి ప్రతి సభలోనూ ఆ చరణం దగ్గరకు రాగానే గొంతును కావాలని నొక్కి చీల్చేదాన్ని. ప్రతిసారీ జనం ఏడ్చేవారు. నెల దాటేసరికి చీల్చాల్సిన అవసరం కూడా లేకపోయింది, అదే చీలేది. పొద్దున లేస్తే మధ్యాహ్నం దాకా మాట పెగిలేది కాదు. మా అమ్మ, అంటే మా యాడి, మిరియాల పాలు కాచి ఇచ్చేది. ఉద్యమంలో అందరికీ గొంతు పోతుంది, మళ్ళీ అదే వస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ పాటకు చప్పట్లు కొట్టనివాడు దానియేలన్న ఒక్కడే. ఒకరోజు సామాన్లు సర్దుతూ, "పొద్దుగాల లేవంగనే మాట వస్తున్నదా?" అని అడిగాడు.

"మంచిగ వస్తున్నదన్నా," అన్నాను.

"మంచిది. రేపు ఏడు గంటలకు ఫోన్ జేస్త. మాట్లాడు."

ఏడింటికి ఫోన్ మోగింది. ఎత్తాను. నోరు తెరిచాను. అవతల ఆయన ఎదురుచూస్తున్నాడని తెలుస్తోంది. ఎంత ప్రయత్నించినా హలో అన్న రెండక్షరాలు బయటకు రాలేదు. చాలాసేపటి తర్వాత ఆయనే, "సరే చెల్లె, ఫోన్ వెట్టెయ్. తొమ్మిది గంటల బండెక్కి మానుకోటకు వస్తున్న. దవాఖానకు పోదాం," అన్నాడు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. ఫోన్ పెట్టేసి పీట మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపుకూ చప్పుడు రాలేదు.

డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూశాడు. స్వరతంతువుల మీద చిన్న కాయలున్నాయన్నాడు. నలభై రోజులు పాట లేదు, మాట లేదు, గుసగుస కూడా పనికిరాదన్నాడు. ఇలాగే పాడితే పాట సంగతి సరే, మామూలు మాట కూడా మిగలదని చెప్పాడు. బయటకు వచ్చాక దానియేలన్న ఒక నోటుబుక్కు, పెన్నూ కొని నా చేతిలో పెట్టాడు.

యాదన్నకు విషయం చెప్పేటప్పుడు నేను పక్కనే, నోరు మూసుకుని నిలబడి ఉన్నాను. "నలభై రోజులా? అన్నా, నీకు దిమాక్ ఉన్నదా? భూపాలపల్లిల బొగ్గుబాయి కార్మికులు సమ్మెకు దిగుతున్నరు. రోడ్డు మీద వంటావార్పు వెట్టుకుంటున్నరు. గా తల్లి పాట కోసమే మనల్ని పిలిచిండ్రు. ఈమె గొంతు కోసం ఉద్యమం ఆగుతదా?" అని యాదన్న కేకలు పెట్టాడు.

"ఉద్యమం ఆగది యాదన్నా," అన్నాడు దానియేలన్న. "గందుకే ఈమె ఆగచ్చు."

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. నా కళ్ళకు కనిపిస్తున్నదల్లా నా చోటు పోవడమే. నలభై రోజుల్లో ఇంకో పిల్ల వస్తుంది, నన్ను మరిచిపోతారు, మళ్ళీ తండాలో పత్తి చేనుకు పోవాలి. నోటుబుక్కు తీసి ఒక ముక్క రాసి దానియేలన్న ముందు పెట్టాను: "నువ్వు ఇడిచిపెట్టి వచ్చినవని నేను గూడ ఇడిచిపెట్టాల్నా?" ఆయన చదివాడు. కాగితం జాగ్రత్తగా చింపి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే మంగళవారం జనగామకు రా," అని మాత్రం అన్నాడు. నేను జీవితంలో రాసిన మాటల్లో అంత చెడ్డది ఇంకోటి లేదు.

కోపంతోనే అయినా మంగళవారం వెళ్ళాను, ప్యాసింజర్ బండిలో. వారానికి రెండుసార్లు అలా వెళ్తూనే ఉన్నాను. వరండాలో మేరీ వదిన బియ్యం ఏరుతూ కూర్చునేది. దానియేలన్న బాక్సు తీగ పెట్టకుండా ఉత్త గిటారు నా ఒళ్ళో పెట్టి, "దవడ చెక్కకు ఆనియ్యి," అనేవాడు. నేను ఆనించేదాన్ని. ఆయన అటు పక్కనుంచి ఒక లావు తీగ మీటేవాడు. ఆ స్వరం చెవిలోకి కాదు, పళ్ళలోకి, మెడలోకి, రొమ్ములోకి దిగేది. "పాడకు. ఎక్కడిదాక పోతున్నదో జూడు. గంతే," అనేవాడు. మొదటి పది రోజులు ఏమిటీ పిచ్చి పని అనిపించింది. ఆ తర్వాత గోడలు, బండి సీట్లు, చేద బావి గిలక, మా పిండి గిర్ని తలుపు అన్నీ మోగుతున్నాయని తెలిసింది. ఇరవై నాలుగేళ్ళు నేను ఒక్కదాన్నే మోగుతున్నాననుకుని బతికాను. మాట లేనిదాన్ని కనుక ఎవరికీ చెప్పుకోలేకపోయాను, వదిన మాత్రం నా మొహం చూసి నవ్వింది.

నలభై రోజులు అయ్యాయి. డాక్టరు చూసి, మెల్లగా మాట్లాడవచ్చన్నాడు. నేరుగా జనగామ వెళ్ళాను. వరండాలో కూర్చుని మొదటి మాట యాడితోనే మాట్లాడాలని ఫోన్ చేశాను. యాడీ అన్నాను. అవతల ఆమె ఏడుస్తోంది. తిన్నావా, ఆవు ఈనిందా, చేనులో కలుపు తీశారా అని మా భాషలో ఏవేవో అడుగుతున్నాను. లోపల ఎక్కడో గిటారు తీగ ఒకటి మెల్లగా మోగుతోంది. ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. ఫోన్ పెట్టేసి చూస్తే దానియేలన్న గడపలో కూర్చుని ఉన్నాడు.

"గిది," అని అదే తీగ మళ్ళీ మీటాడు. "గిదే నీ షడ్జమం. నీ సా. మీ యాడితోని మాట్లాడంగ నీ గొంతు గిక్కడుంటది. మాతోని తెలుగు మాట్లాడంగ గీడికెక్కుతది," అని కాస్త పైన మీటాడు. "పాడంగ ఇగ మిద్దెక్కి కూసుంటది. నీ ఇంట్లకెల్లి పాట మొదలువెట్టు చెల్లె. మిద్దె మీదికెల్లి ఎందుకు?"

నాకు వెంటనే హాస్టలు గుర్తొచ్చింది. ఆరో తరగతిలో చేరినప్పుడు నా తండా యాస విని పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకు అందకుండా మాట పైకెత్తడం అప్పుడే మొదలైంది. తర్వాత పట్నంలో కోచింగుకు పోతే, మేం తెలంగాణ వాళ్ళమంతా ఎట్ల మాట్లాడినా నవ్వేవాళ్ళుండేవారు. అక్కడ ఇంకో మెట్టు ఎక్కాను. సినిమాల్లో మా మాటకు జోకరు వేషమే కదా దొరికేది. మా మాటకు గౌరవం కావాలని వేదికలెక్కి అరుస్తున్నదాన్ని, నా సొంత మాట మీద నేనే నిలబడలేదన్నమాట. ఇది తెలిసిన రోజు సిగ్గుపడ్డాను. సిగ్గుకంటే ఎక్కువగా, ఎవరో బరువు దించినట్టు తేలికపడ్డాను.

భూపాలపల్లి వంటావార్పు అదృష్టవశాత్తు వాయిదా మీద వాయిదా పడి, ఆ నలభై రోజుల మీద నాకు ఇంకో పన్నెండు రోజులు దొరికాయి. యాదన్న ఒక్క పాటకు ఒప్పుకున్నాడు, అదీ మొహం మాడ్చుకునే. అందరం డీసీఎం వ్యానులో పరకాల మీదుగా వెళ్ళాం. కూడలిలో రోడ్డుకడ్డంగా రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, గంటెలు తిప్పుతున్న ఆడవాళ్ళు, బాయి పనికి పోని కార్మికులు. వ్యాను వెనక తలుపు దించితే అదే మా వేదిక. నా పాట ముందు మల్లేశ్ డప్పు తీసుకుని మంట వైపు పోబోయి ఆగాడు. "ఇయ్యాల కాచను పో అక్కా. నువ్వు పాడు," అన్నాడు. వాడికెవరూ చెప్పలేదు.

యాడితో మాట్లాడే చోటి నుంచి పాట అందుకున్నాను. మొదటి చరణం గోలలో కలిసిపోయింది. గంటెల చప్పుడు, నినాదాలు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. యాదన్న పక్కనుంచి చెయ్యి పైకి పైకి అని ఊపుతున్నాడు. ఎక్కేద్దామా అని గొంతు లాగింది. ఒక్క అడుగు ఎక్కితే చాలు, ఆ పాత చప్పట్లు నావే. అరికాళ్ళ కింద వ్యాను ఇనుప రేకు మోగుతోంది. దానియేలన్న స్వరం అందులో కదలకుండా ఉంది. నేనూ కదలలేదు. రెండో చరణానికి పొయ్యిల దగ్గర ఒక ఆమె గంటె గిన్నెలో వదిలేసి ఇటు తిరిగింది. తర్వాత ఇంకో ఆమె. పై గొంతుతో పాడినప్పుడు జనం ఉన్నచోటే నిలబడి వినేవారు. ఆ రోజు ఒకరొకరే లేచి దగ్గరకు వచ్చారు.

వస్తూ వస్తూ ఎవరి కాలో వ్యాను కిందికి వేలాడుతున్న గిటారు వైరుకు తగిలి అది ఊడిపోయింది. నేను చరణం మధ్యలో ఉన్నాను. కాళ్ళ కింద రేకు ఒక్కసారిగా ఊరుకుంది. పాడుతూనే చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. దానియేలన్న వంగి వైరు వెతుక్కుంటున్నవాడు తల ఎత్తాడు. నేను తిరిగి చూడటం చూశాడు. ఆ మొహం నేను ఎప్పటికీ మరువను. వైరు చేతిలోనే పట్టుకుని అలాగే ఒక క్షణం ఉండిపోయాడు. అంతలో నేను మిగతా సగం పాడేశాను, ఎక్కడ ఉన్నానో అక్కడే, ఒక్క వెంట్రుకవాసి పైకి పోకుండా. తీగ మళ్ళీ వచ్చి నా గొంతు కిందే చేరింది.

పాట అయ్యాక చప్పట్లు రాలేదు. ఒక కార్మికుడు ముందుకు వచ్చి, "ఇంకోసారి పాడు బిడ్డా," అన్నాడు. పాడాను. యాదన్న నా దగ్గరకు వచ్చి తువ్వాల మెలి తిప్పుతూ, "ఇగ గిట్లనే పాడు తియ్యి," అన్నాడు. ఆయన నోటి వెంట క్షమాపణ అంటే అదే. నేను ఆకులో అన్నం, పప్పు పెట్టించుకుని రోడ్డు మీదే కూర్చుని కడుపునిండా తిన్నాను.

మధ్యాహ్నం తిరుగు దారిలో అందరూ వ్యానులో కునుకు తీస్తున్నారు. దానియేలన్న నా ఎదురుగా గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "తర్వాత జెప్త అన్న గద, ఇప్పుడు జెప్త ఇను," అన్నాడు.

"మా బ్యాండ్‌ది పెద్ద ప్రోగ్రాం ఉండె. వేలల్ల జనం. రెండో పాటకే నా బాక్సు కాలిపోయింది. చప్పుడు బంద్. ఎవరన్న చూస్తరని అటు చూస్తి, ఇటు చూస్తి. ఎవ్వలు జూడలే. వేళ్ళు ఉత్తగ ఆడిచ్చుకుంట ఏడు పాటలు నిలవడ్డ చెల్లె. అయిపోయినంక మావోడు వచ్చి అలుముకుని, ఇయ్యాల ఇరగదీసినవ్ అన్నడు." ఆయన వెనక్కి పోతున్న రోడ్డు వైపు చూశాడు. "కోపం రాలే. గని నేనున్నా లేకున్నా తెల్వని కాడ ఎందుకు అనిపిచ్చింది. చర్చిల పది మంది పాడినా, నేను తప్పు వాయిస్తె గా పది మంది తడవడ్తరు. గందుకే వచ్చిన." గిటారు మీది దుమ్ము తుడుస్తూ, "ఇయ్యాల వైరు ఊడంగనే నువ్వు ఎనకకు తిరిగినవ్," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "అన్నా, ఆ రోజు నేను కాయితం మీద రాసింది..." అన్నాను.

"మంచిగనే అడిగినవ్. జవాబు దొరకడానికి ఇన్ని రోజులు వట్టింది," అన్నాడు. తర్వాత ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు.

తెలంగాణ వచ్చింది. మా బృందంలో ఒకరిద్దరికి పదవులు వచ్చాయి, యాదన్నకు పొలమే మిగిలింది, మల్లేశ్ ఆటో కొన్నాడు. దానియేలన్న ఎవరి వెంటా పడలేదు. హార్మోనియాలు, ఆదివారాలు, పెళ్ళిళ్ళు, పిల్లలకు పాఠాలు ఎప్పటిలాగే సాగాయి. నన్ను మాత్రం వదలకుండా వెంటపడి సంగీతం డిప్లొమా చేయించాడు, ఉద్యోగం దరఖాస్తు తన చేత్తో పోస్టు చేశాడు. ముందటేడు గుండెపోటుతో పోయాడు. పోయేముందు రోజు కూడా చర్చిలో వాయించాడని వదిన చెప్పింది.

అంత్యక్రియలకు జనగామ చర్చి ఆవరణ నిండిపోయింది. పట్నం నుంచి ఒక కారు వచ్చింది. అందులోంచి దిగిన నెరిసిన జుట్టును ముడి వేసుకున్న పెద్దమనిషిని చూసి పడుచువాళ్ళు ఫోన్లు తీశారు. ఆ బ్యాండ్‌లో ఉన్నాయన. నిజంగానే బాధపడుతున్నాడు, ఆ మాట చెప్పాలి. నేను దగ్గరివాళ్ళమ్మాయిననుకుని నా పక్కన నిలబడి, "మా బ్యాండ్ మానేశాక ఏం చేశాడండీ? మాకేమీ తెలియలేదు. ఎంత గొప్ప ప్లేయర్. వృథా అయిపోయాడు," అన్నాడు.

నేను తడబడ్డాను. చర్చిలో వాయించేవాడని, హార్మోనియాలు బాగుచేసేవాడని, మా కళాబృందంలో కొన్నాళ్ళు తిరిగాడని చెప్పాను. "అంతేనా, పాపం," అని ఆయన తల ఊపి, వదినకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. బండిలో మానుకోట దాకా నా మీద నాకే కోపం. మాటలు చెప్పి బతికే టీచరును, చెప్పాల్సిన చోట ఒక్క సరైన మాట దొరకలేదు.

ఆ రోజు చర్చి దగ్గర మీకు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నాను సార్. మా పాఠశాలలో కొత్తగా చేరిన ఆడపిల్లలను పాడమని నేను ముందే అడగను. ఇంట్లో మీ అమ్మను ఎట్లా పిలుస్తారో అట్లా పిలవండి అంటాను. యాడీ అని పిలిచే పిల్ల ఉంది, అవ్వా అనే పిల్ల ఉంది, అమ్మీ అనే పిల్ల ఉంది. ఆ పిలుపు ఏ మెట్టు మీద ఉంటే హార్మోనియం మీద అక్కడే వేలు పెట్టి, ఇది నీ సా అని చెబుతాను. పాట అక్కడి నుంచి మొదలవుతుంది. ఎవరైనా చప్పట్ల కోసం పైకెక్కి అరిస్తే దగ్గరికి పిలిచి, పొద్దున లేవగానే మాట వస్తోందా అని అడుగుతాను. ఈ రోజు నాలుగు పీరియడ్లు పాడాను. ఇంటికి వచ్చి యాడికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. రేపు పొద్దున ఏడింటికి ఎవరు ఫోన్ చేసినా ఎత్తి హలో అనగలను. మీ బ్యాండ్ మానేశాక ఆయన ఏం చేశాడని అడిగారు కదా. ఇది చేశాడు.